కర్ర మారిన రైఫిల్‌ను ఉక్కులో చదవాలి

1940 వేసవిలో డంకర్క్ తీరం నుంచి బ్రిటిష్ సేనలు ఆయుధాలు వదిలేసి తిరిగి వచ్చాక ఆ దేశంలో రైఫిళ్లకు కరువొచ్చింది. అప్పుడు అమెరికా తన గిడ్డంగుల్లో పడి ఉన్న మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఎం 1917 రైఫిళ్లను లక్షల సంఖ్యలో ఓడలకెక్కించింది. వాటిలో అధిక భాగం బ్రిటన్‌లో స్వచ్ఛందంగా కాపలా కాసే హోంగార్డ్ దళానికి చేరాయి. ఆ దళం దగ్గర అప్పటికే పీ 14 అనే మరో రైఫిల్ ఉంది. రెండింటి నమూనా ఒకటే, తయారుచేసిన ఫ్యాక్టరీలూ అవే. పక్కపక్కన పెడితే అచ్చం ఒకేలా ఉంటాయి. తేడా తూటాలో ఉంది. పీ 14 బ్రిటిష్ 303 తూటాను కాలుస్తుంది, ఎం 1917 అమెరికన్ 30-06 తూటాను కాలుస్తుంది. చీకట్లో ఒకదాని తూటా మరొకదానిలో పెడితే రైఫిల్ ఇరుక్కుపోతుంది. అందుకే ఎం 1917 గొట్టం కింద ఉండే ముందు కర్ర చుట్టూ రెండంగుళాల వెడల్పున ఎర్ర పట్టీ పూశారు.

యుద్ధం ముగిశాక ఈ రెండు రకాలూ మిగులు సరుకుగా అమ్మకానికి వచ్చాయి. కొన్న వేటగాళ్లు బరువు తగ్గించడానికి ముందుగా కోసింది ఆ ముందు కర్రనే. హెచ్చరికగా పూసిన ఎర్ర పట్టీ దానితో పాటే పోయింది.

సైనిక రైఫిల్‌ను వేట తుపాకీగా మలిచినప్పుడు తలెత్తే చిక్కంతా ఈ ఒక్క ఉదంతంలో ఉంది. ఇలా మలిచిన తుపాకీని అమెరికాలో స్పోర్టర్ అంటారు. మనం దేన్ని చూసి రైఫిల్‌ను గుర్తుపడతామో, అంటే నిండు కర్ర, బాయ్‌నెట్ బిగించే ముక్కు, దూరాలు గీసిన సైట్లు, పొడవు, అవన్నీ కోతలో పోతాయి. మిగిలేది ఉక్కు. దాని మీద ముద్రలు ఆ రైఫిల్ ఎక్కడ, ఎప్పుడు, దేనికోసం పుట్టిందో చెబుతాయి. ఈ రోజు అందులో ఏ తూటా పెట్టాలో మాత్రం చెప్పవు. ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగని వాళ్లే ప్రమాదంలో పడతారు. పాత తుపాకీ గురించి నేను నొక్కి చెప్పదలుచుకున్నది ఇదే.

ఇంత సరుకు ఎక్కడి నుంచి వచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యాలు ఆటోమేటిక్, సెమీ ఆటోమేటిక్ ఆయుధాల వైపు మళ్లాయి. ప్రతి గుండుకూ చేత్తో బోల్ట్ లాగే రైఫిళ్లు కోట్ల సంఖ్యలో పనిలేకుండా పోయాయి. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో శామ్యూల్ కమ్మింగ్స్ స్థాపించిన ఇంటరార్మ్స్ లాంటి సంస్థలు దేశదేశాల సైన్యాల నుంచి వీటిని కొని అమెరికాకు తెచ్చాయి. పత్రికలో ప్రకటన చూసి డబ్బు పంపితే రైఫిల్ పార్సిల్‌లో ఇంటికొచ్చే రోజులవి. కొత్త వేట రైఫిల్ ఖరీదు భరించలేని రైతు, కార్మికుడు అతి తక్కువ ధరకు బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డో, జర్మన్ మౌజరో కొనుక్కుని, రంపంతో కర్ర కోసి, ఆకురాయితో అంచులు నున్నగా చేసి అడవికి వెళ్లాడు. బ్రిటన్‌లో పార్కర్-హేల్ లాంటి సంస్థలు ఇదే పనిని ఫ్యాక్టరీ నాణ్యతతో చేశాయి. కెనడాలో కోసిన లీ-ఎన్‌ఫీల్డ్ దాదాపు ప్రతి పల్లెలోనూ ఉండేది.

1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెన్నడీని కాల్చిన ఇటాలియన్ కార్కానో రైఫిల్ కూడా ఇలాగే టపాలో వచ్చినదే. గురి చూసే చిన్న టెలిస్కోప్ లాంటి స్కోప్‌తో కలిపి దాని ధర 19 డాలర్ల 95 సెంట్లు. 1968లో వచ్చిన తుపాకీ నియంత్రణ చట్టం టపా అమ్మకాలను, సైనిక మిగులు తుపాకీల దిగుమతిని కట్టడి చేసింది. కాబట్టి ఇప్పుడు చేతికొచ్చే స్పోర్టర్లలో ఎక్కువ భాగం 1945 నుంచి 1968 మధ్య కోసినవే. వాటిని కోసిన మనుషులు దాదాపుగా లేరు, లోపల వాళ్లు ఏం మార్చారో రాసిపెట్టిన కాగితాలూ లేవు.

ఇక్కడ ఒక మాట. పాత సైనిక రైఫిల్‌ను కోసి పాడుచేశారని ఆ మనుషులను ఇప్పుడు తిట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో అవి గుట్టలుగా పడి ఉన్నాయి, ఇంట్లోకి మాంసం కావాలి. వాళ్లు చేసింది న్యాయమైన పని. ఈ రోజు మిగిలిన నిండు రైఫిల్‌ను కోయడం వేరే సంగతి, దానికి సాకు లేదు.

లీ-ఎన్‌ఫీల్డ్: త్రీనాట్‌త్రీ ఎక్కడ మాట్లాడుతుంది

ఉదాహరణకు లీ-ఎన్‌ఫీల్డ్‌నే తీసుకుందాం. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ భుజాన, బ్యాంకు కాపలాదారు చేతిలో, ఎన్‌సీసీ కవాతు మైదానంలో మనం చూసిన త్రీనాట్‌త్రీ ఇదే. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్ట్, మ్యాగజైన్‌లకు ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఫ్యాక్టరీ గొట్టం కలిపి 1895లో బ్రిటన్ దీన్ని సైన్యంలోకి తీసుకుంది. 1907 నాటి మార్క్ 3 నమూనా, యుద్ధకాలంలో ఖర్చు తగ్గించడానికి సులభం చేసిన మార్క్ 3 స్టార్ నమూనా రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ భారతీయ సిపాయిల చేతుల్లో ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాటిని తయారుచేసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికారు. ఒక్క ఆయుధం ఇంతకాలం విధుల్లో ఉండటం ప్రపంచంలో అరుదు.

కర్ర ఎంత కోసినా లీ-ఎన్‌ఫీల్డ్‌ను దూరం నుంచే పట్టించే లక్షణం ఒకటుంది. దాని కర్ర రెండు ముక్కలు. భుజానికి ఆనించే వెనుక కర్ర, గొట్టం కింద ఉండే ముందు కర్ర వేర్వేరుగా ఉంటాయి, మధ్యలో ఉక్కు కనిపిస్తుంది. మౌజర్, అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్, పీ 14, ఎం 1917 అన్నింటికీ ఒకటే కర్ర. లీ బోల్ట్‌ను లాక్ చేసే చెవులు కూడా వెనుక వైపు ఉంటాయి, మౌజర్‌కు ముందు వైపు. లీ బోల్ట్‌ను ముందుకు తోసి మూసేటప్పుడు స్ప్రింగ్ బిగుసుకుంటుంది, మౌజర్ 98లో పిడి పైకి ఎత్తేటప్పుడే బిగుసుకుంటుంది.

దగ్గరకొస్తే, నంబర్ 1 రకంలో, అంటే పైన చెప్పిన మార్క్ 3 లలో, బోల్ట్ పిడికి కింద వెనుక కర్ర దిగే ఉక్కు గూడు ఉంటుంది. దాని కుడి పక్క చూడాలి. పైన కిరీటం, కింద రాజు పేరు అక్షరాలు, తయారీదారు పేరు, సంవత్సరం, నమూనా వరుసగా కొట్టి ఉంటాయి. ఎడ్వర్డ్ కాలానికి ఇ.ఆర్., 1910 తర్వాత జార్జి కాలానికి జి.ఆర్. అని ఉంటుంది. ఇషాపూర్ రైఫిళ్లలో చాలావాటిపై జి.ఆర్.ఐ. అనీ, గణతంత్రం వచ్చాక కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు, ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలు కనిపిస్తాయి. ముందు కర్రకు అడ్డంగా బిగించిన స్క్రూ కూడా ఇషాపూర్ గుర్తే. వేసవిలో కర్ర చీలకుండా అక్కడ దాన్ని బిగించేవారు. ఆస్ట్రేలియాలో లిత్‌గో, బ్రిటన్‌లో ఎన్‌ఫీల్డ్, బీఎస్‌ఏ, ఎల్‌ఎస్‌ఏ ఇతర తయారీదారులు.

రెండో యుద్ధం నాటి నంబర్ 4లో ముద్రల చోటు మారింది. అక్కడ రిసీవర్, అంటే బోల్ట్ కదిలే ఉక్కు చట్రం, ఎడమ పక్క చూడాలి. కెనడాలోని లాంగ్ బ్రాంచ్, అమెరికాలోని శావేజ్ కూడా దీన్ని తయారుచేశాయి. శావేజ్ రైఫిళ్లపై అమెరికా ఆస్తి అన్న ముద్ర ఉంటుంది కానీ అమెరికా సైన్యం కోసం చేసినవి కావు, బ్రిటన్‌కు సాయంగా పంపడానికి చేసినవి. ఆ ఒక్క ముద్ర చూసి ఇది 30-06 అని అనుకునేవాళ్లుంటారు. కాదు, అదీ 303యే. పొట్టిగా కోసి, గొట్టం చివర గరాటు లాంటి మంట కప్పు బిగించి జంగిల్ కార్బైన్ పేరుతో అమ్మిన నంబర్ 1, నంబర్ 4 లు కూడా చాలా ఉన్నాయి. అసలు జంగిల్ కార్బైన్ నంబర్ 5. ఆ నంబరు రిసీవర్ మీదే చెక్కి ఉంటుంది, బరువు తగ్గించడానికి ఉక్కును అక్కడక్కడా తొలిచి ఉంటారు.

ఇక సీరియల్ నంబర్లు. బోల్ట్ పిడి వెనుక ఉన్న నంబరు, రిసీవర్ మీది నంబరు ఒకటే కావాలి. గిడ్డంగుల్లో బోల్టులన్నీ తీసి ఒక పెట్టెలో, రైఫిళ్లు మరో పెట్టెలో పెట్టి తరలించిన సరుకు చాలా ఉంది కాబట్టి ఇవి తరచుగా కలవవు. కలవకపోతే రైఫిల్ పనికిరాదని అర్థం కాదు. కొలవకుండా కాల్చకూడదని మాత్రం కచ్చితంగా అర్థం. ఎందుకో కాస్త ముందుకెళ్లాక చెబుతాను.

కాల్చకూడదని చెప్పే ముద్రలు

డి.పి. అన్న రెండు అక్షరాలు కనిపిస్తే అది కవాతు కోసం పక్కన పెట్టిన రైఫిల్. అరిగిపోయో, పగుళ్లిచ్చో, పరీక్షలో తప్పో దాన్ని పోరాటం నుంచి తీసేశారు. మన ఎన్‌సీసీ క్యాడెట్లు భుజాన మోసే త్రీనాట్‌త్రీలు ఈ కోవలోవే. ఇలాంటివి కొన్ని మార్కెట్‌కు చేరాక ముద్ర అరగదీసి, రంధ్రాలు పూడ్చి అమ్మిన సందర్భాలున్నాయి. అందుకే ఉక్కు మీద రుద్దిన చోటు, వెల్డింగ్ మచ్చ, ఒక్కచోట మాత్రమే రంగు తేడా కనిపిస్తే ముద్ర ఉన్నట్టే భావించాలి. ఇ.వై. అన్న అక్షరాలుంటే దాన్ని గ్రెనేడ్లు విసరడానికి, లేదా అత్యవసరంలో మాత్రమే తూటా కాల్చడానికి ఉంచారు. ముందు కర్రకు తీగ చుట్టి ఉండటం గ్రెనేడ్ పనికి మరో గుర్తు, కానీ స్పోర్టర్‌లో ఆ కర్రే ఉండదు.

ఇషాపూర్‌లోనే 303 రైఫిళ్లను 410 మస్కెట్లుగా మార్చారు. గుండును తిప్పడానికి గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గాళ్లు (గాడులు) తొలిచేసి, ఒక్కొక్క తూటా పెట్టి కాల్చేలా చేసిన ఈ తుపాకులు పోలీసులు, జైలు కాపలాదారుల కోసం. బయటికి త్రీనాట్‌త్రీలాగే కనిపిస్తాయి. గొట్టంలోకి వెలుగు పట్టి చూస్తే లోపల మెలికల గాళ్లు ఉండవు, గోడ నున్నగా ఉంటుంది. ఇది చూడటానికి నిమిషం చాలు, కానీ చూడనివాళ్లే ఎక్కువ.

పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్ పరిసరాల్లో చేతితో చేసిన నకళ్లు మరో ప్రమాదం. అఫ్ఘానిస్తాన్ నుంచి సైనికులు జ్ఞాపికలుగా తెచ్చుకున్నవి అమెరికాలో చాలా ఉన్నాయి. వంకర అక్షరాలు, తిరగబడ్డ ఎన్, ముతక గీతలు వాటిని పట్టిస్తాయి. విక్టోరియా రాణి 1901లో చనిపోయింది. ఆమె పేరు అక్షరాల కింద 1915 అని కొట్టి ఉంటే ఆ ఉక్కు ఎక్కడిదో, ఎలా గట్టిపరిచారో ఎవరికీ తెలియదు. అలాంటిది గోడకు అలంకారంగా ఉండాల్సిందే.

మిగతా రైఫిళ్లకూ ఇలాంటి హద్దులున్నాయి. అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ తయారీకి 8 లక్షల లోపు, రాక్ ఐలాండ్ తయారీకి 2,85,507 లోపు సీరియల్ నంబర్లున్న రిసీవర్లలో ఉక్కును కంటి అంచనాతో కాల్చి గట్టిపరిచారు. కొన్ని పెళుసెక్కి పగిలాయి. ఏది పగులుతుందో బయటి నుంచి తెలియదు కనుక ఆ నంబర్లున్న వాటిని కాల్చకపోవడమే మంచిది. ఎం 1917ల్లో పెన్సిల్వేనియాలోని ఎడ్డీస్టోన్‌లో తయారైన వాటికి గొట్టం విపరీతమైన బిగువుతో ఎక్కించారు. తర్వాత ఎవరో దాన్ని విప్పి వేరే గొట్టం వేసి ఉంటే రిసీవర్ ముందు వలయంలో వెంట్రుక మందం పగులు ఉందేమో వెతికించాలి.

పీ 14, ఎం 1917 ఏది ఏదో తేల్చడం కష్టం కాదు. రెండింటికీ వెనుక సైట్ చుట్టూ పెద్ద చెవులుండేవి, స్పోర్టర్లలో వాటిని చెక్కేస్తారు కాబట్టి ఆ రూపం నమ్మకూడదు. రిసీవర్ ముందు వలయం మీద యు.ఎస్. మోడల్ ఆఫ్ 1917 అని, కింద వించెస్టర్ లేదా రెమింగ్టన్ లేదా ఎడ్డీస్టోన్ అని ఉంటే అది 30-06గా పుట్టింది. డబ్ల్యు, ఆర్.ఇ., ఇ.ఆర్.ఎ. లాంటి పొట్టి అక్షరాలే ఉంటే 303గా పుట్టింది.

పుట్టుక తెలిసింది, ఇప్పుడు ఏ తూటా?

అసలు కష్టం ఇక్కడే. ఎం 1917 రిసీవర్ చాలా దృఢమైనది కాబట్టి దాన్ని ఎక్కువ శక్తి గల పెద్ద మ్యాగ్నమ్ తూటాలకు మార్చినవాళ్లున్నారు. మౌజర్ 98కి కనిపించిన ప్రతి తూటాకూ సరిపోయే గొట్టం వేశారు. కెనడాలో 303 గొట్టాన్నే ఉంచి, తూటా కూర్చునే చాంబర్‌ను వెడల్పు చేసి ఎప్స్ అనే మెరుగుపరిచిన తూటాకు మలిచారు. జపాన్ అరిసాకా రైఫిళ్లను కూడా అమెరికన్ తూటాలకు మార్చారు. తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్ అయితే కొత్త తూటా పేరు గొట్టం మీద కొడతాడు. ఇంటి వెనుక షెడ్డులో చేసుకున్నవాడికి ఆ అవసరం కనిపించదు, తన తుపాకీ తనకు తెలుసు కదా.

కొన్ని తప్పు జోడీలు చాంబర్‌లోకి అసలు దూరవు, అవి అదృష్టవంతమైన తప్పులు. దూరి పేలేవి భయంకరమైనవి. జర్మన్ 8 మిల్లీమీటర్ మౌజర్ తూటా 30-06 చాంబర్‌లో పట్టే వీలుంది. గుండు వ్యాసం 0.323 అంగుళాలు, గొట్టం గాళ్ల లోతు దగ్గర 0.308. వెళ్లాల్సిన దారి కంటే లావైన గుండు వెనుక ఒత్తిడి పెరిగి రైఫిల్ ముక్కలవుతుంది. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే శామీ సంస్థ ప్రమాదకర జోడీల జాబితాలో ఇది ఉంది. 308 వించెస్టర్ తూటా కూడా 30-06 చాంబర్‌లో దూరుతుంది. దానికి చాంబర్ మరీ పొడవు కనుక ఇత్తడి కేసు చీలిపోతుంది.

ముద్ర చూసి ఊహించడం, తూటా పెట్టి చూద్దాం పద అనడం రెండూ వద్దు. చాంబర్ అచ్చు తీయించాలి. సెర్రోసేఫ్ అనే మిశ్రమ లోహం నీరు మరగకముందే కరుగుతుంది. దాన్ని చాంబర్‌లో పోసి, గట్టిపడ్డాక బయటికి తీసి కొలిస్తే లోపలి ఆకారం చేతిలోకొస్తుంది. గొట్టం లోపలి వ్యాసాన్ని మెత్తని సీసం ముక్కను దాని గుండా తోసి కొలుస్తారు. లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టాలు 0.311 నుంచి 0.315 అంగుళాల దాకా కూడా ఉంటాయి కాబట్టి ఒకే గుండు అన్నింటిలో ఒకేలా వెళ్లదు. గాళ్లు మెలితిరిగే దిశ కూడా ఆధారమే. ఎన్‌ఫీల్డ్ రకం గొట్టంలో సాధారణంగా అయిదు గాళ్లు ఎడమకు తిరుగుతాయి, ఎం 1917 కూడా ఇదే తీరు. మౌజర్, స్ప్రింగ్‌ఫీల్డ్‌లలో నాలుగు కుడికి తిరుగుతాయి. ఎం 1917 రిసీవర్‌లో గాళ్లు కుడికి తిరుగుతుంటే ఆ గొట్టం పుట్టుకతో వచ్చింది కాదు.

ఆ తర్వాత హెడ్‌స్పేస్. తూటా చాంబర్‌లో కూర్చున్నాక దాని వెనుక, బోల్ట్ ముఖానికి మధ్య ఎంత చోటుందన్నదే హెడ్‌స్పేస్. 303 తూటాకు వెనుక అంచు ఉంటుంది, అదే గొట్టం వెనుక భాగానికి ఆని తూటాను నిలబెడుతుంది. సైనిక ప్రమాణంలో ఆ చోటు 0.064 నుంచి 0.074 అంగుళాల మధ్య ఉండాలి. ఎక్కువైతే కాల్చినప్పుడు ఇత్తడి కేసు వెనక్కి సాగి, అంచుకు కొంచెం పైన పలచబడి తెగుతుంది. వేడి వాయువు కంటివైపు వస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ తల విడిగా మరతో బిగించేది. నంబర్ 4లో 0, 1, 2, 3 అని నాలుగు పొడవుల తలలు చేశారు, ఒక్కో మెట్టుకు సుమారు 0.003 అంగుళం తేడా. వేరే రైఫిల్ బోల్ట్ వచ్చి చేరితే ఈ లెక్కంతా చెదురుతుంది. నంబర్లు కలవాలని నేను ముందు పట్టుబట్టింది అందుకే. గన్‌స్మిత్ దగ్గర వెళ్లాలి, వెళ్లకూడదు అని రెండు కొలత దిమ్మెలు ఉంటాయి. పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. స్పోర్టర్ కొన్న ధర కంటే ఈ పరీక్షకు ఎక్కువ ఖర్చయినా సరే, ఇది తప్పించుకోకూడని ఖర్చు.

7.62 విషయంలో ఒక ప్రత్యేక హెచ్చరిక. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ నంబర్ 1 నమూనానే 7.62 నాటో తూటాకు 2ఎ, 2ఎ1 పేర్లతో తయారుచేసింది. దానికి మెరుగైన ఉక్కు వాడారు, మ్యాగజైన్ డబ్బా ఆకారం కూడా కాస్త చతురస్రంగా ఉంటుంది. ఇవి అమెరికాకు చాలా వచ్చాయి. వీటిని చూసి, పాత మార్క్ 3 రిసీవర్‌కే 7.62 నాటోకు పౌర రూపమైన 308 గొట్టం బిగించుకున్నవాళ్లున్నారు. 303 కంటే 308 తూటా ఒత్తిడి చాలా ఎక్కువ. పాత ఉక్కు అంత భారం కోసం చేసింది కాదు. ముద్ర మార్క్ 3, గొట్టం 308 అయితే నేనైతే దాన్ని పక్కన పెట్టేస్తాను, ఎవరు భరోసా ఇచ్చినా సరే.

వాడకంలోకి

పరీక్షలన్నీ దాటిన 303 స్పోర్టర్ మంచి తుపాకీ. 180 గ్రెయిన్ల బరువున్న మెత్తని మొన గుండుతో ఉత్తర అమెరికాలో జింకను, దగ్గర నుంచి మూస్ అనే భారీ దుప్పిని కూడా నిలువరించిన చరిత్ర దానికుంది. కెనడా ఉత్తరాన గస్తీ తిరిగే రేంజర్లు 1947 నుంచి ఏడు దశాబ్దాల పాటు నంబర్ 4నే నమ్ముకున్నారు, గడ్డకట్టే చలిలోనూ దాని బోల్ట్ తిరుగుతుందని. సైనిక గుండుకు నిండు రాగి తొడుగు ఉంటుంది, అది జంతువును చంపకుండా గాయపరిచి దాటిపోవచ్చు. చాలా చోట్ల వేటలో దాన్ని చట్టమే నిషేధించింది.

పాత సైనిక తూటాల విషయంలో ఇంకో సంగతి. వాటిలో చాలావాటి ప్రైమర్‌లో, అంటే తూటాను అంటించే మందులో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాలాక గొట్టంలో మిగిలే లవణం గాలిలో తేమను పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. నూనె దాన్ని కరిగించదు, నీరు కరిగిస్తుంది. అందుకే బ్రిటిష్ సిపాయిలు కాల్చిన రోజే గొట్టంలో వేడి నీళ్లు పోసి, ఆరాక నూనె పట్టించేవారు. ఆ పద్ధతి ఈ రోజుకీ సరైనదే. ఇంకా, కొన్ని పాత తూటాలు మీట నొక్కాక క్షణం ఆగి పేలుతాయి. పేలలేదని వెంటనే బోల్ట్ తెరిస్తే చేతిలో పేలవచ్చు. మొన లక్ష్యం వైపే ఉంచి కనీసం నిమిషం ఆగాలి. పాత తూటాలను నేను సేకరణకే ఉంచమంటాను. కొత్త ఫ్యాక్టరీ 303 తూటాలు దొరుకుతున్నాయి.

మ్యాగజైన్‌లో తూటాలు పెట్టేటప్పుడు ప్రతి పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. లేకపోతే అంచులు ఒకదానికొకటి తగులుకుని తూటా ముందుకు కదలదు. స్పోర్టర్లలో గురి చెదరడానికి పెద్ద కారణం కోసిన కర్రే. నంబర్ 1, నంబర్ 4 ల పలచని గొట్టానికి సైనిక కర్ర ఒక పద్ధతి ప్రకారం ఆనిక ఇచ్చేది. దాన్ని సగంలో తెగ్గొట్టాక గొట్టం వేడెక్కే కొద్దీ గుండ్లు ఒక వరుసలో పైకో పక్కకో జరుగుతాయి. మూడు కాల్చి చల్లారనిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. వేటకు మొదటి గుండే ముఖ్యం కాబట్టి చల్లని గొట్టంతో గురి సరిచూసుకోవాలి. గొట్టం కోసిన చోట మొన అంచు సమంగా లేకపోతే ఏ తూటా పెట్టినా గురి కుదరదు, గన్‌స్మిత్ దాన్ని తిరిగి చెక్కగలడు.

చట్టం ఏమంటుంది

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ముఖ్యమైన సంగతి వీసా. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. మిత్రుడు బహుమతిగా ఇచ్చిన పాత రైఫిలైనా నియమం ఇదే. రాష్ట్రాల చట్టాలు దీనికి అదనం. కోసిన గొట్టం 16 అంగుళాలకు గానీ, మొత్తం పొడవు 26 అంగుళాలకు గానీ తగ్గితే అది వేరే కఠినమైన చట్టం కిందికి వెళ్తుంది, ఎవరో పూర్వం కోశారన్న మాట రక్షించదు. కొనేముందు టేపు పట్టి కొలవాలి. కెనడాలో లైసెన్సు, ఆస్ట్రేలియాలో బి కేటగిరీ లైసెన్సు అవసరం.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. 303, 7.62, 410 మస్కెట్ నిషిద్ధ బోర్లు, అంటే పౌరులకు సాధారణంగా అనుమతించని గొట్టం కొలతలు. బ్రిటిష్ పాలకులు సైనిక తూటా పౌరుల తుపాకీలో పట్టకూడదని పెట్టిన విధానమే కొనసాగింది. అందుకే ఇషాపూర్ లీ బోల్ట్‌తోనే, ఆస్ట్రియా 8 మిల్లీమీటర్ మాన్లిషర్ తూటాకు సరిపోయే 315 స్పోర్టింగ్ రైఫిల్‌ను పౌరుల కోసం తయారుచేస్తోంది. మన దగ్గర లైసెన్సు ఉన్న ఇళ్లలో కనిపించే రైఫిల్ ఎక్కువగా అదే. అది సైనిక రైఫిల్‌ను కోసి చేసింది కాదు, పుట్టుకతోనే స్పోర్టర్. పైకి త్రీనాట్‌త్రీలా కనిపించినా 303 తూటా దానికి సంబంధం లేనిది.

జమీందారీ ఇళ్ల అటకల మీద, తాతల పెట్టెల్లో పాత రైఫిల్ బయటపడితే దాన్ని తుడవడం, బోల్ట్ లాగి చూడటం, ఫొటో తీసి స్నేహితులకు పంపడం చేయకూడదు. లైసెన్సుదారు చనిపోయాక ఆ తుపాకీ వారసుల దగ్గర ఉండటం చట్టబద్ధం కాదు, కొత్త లైసెన్సు వచ్చేదాకా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమ చేయాలని 1959 ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. నిషిద్ధ బోరు ఆయుధం లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ ప్రకారం కనీస శిక్ష ఏడేళ్ల జైలు. జమ చేసేటప్పుడు ఇచ్చే రసీదులో తయారీదారు పేరు, సంవత్సరం, సీరియల్ నంబరు ఉక్కు మీద ఉన్నట్టే రాయించుకోవాలి. తర్వాత వారసత్వ లైసెన్సు అడిగినా, ప్రభుత్వానికి అప్పగించినా, అది ఏ రైఫిలో తేల్చేవి ఆ అంకెలే.